తలనీలాల దారిలో అయిదు రోజులు

మొదటి రోజు: కడప నుంచి తిరుపతి

కడపలో పొద్దున్నే బస్సెక్కితే రైల్వేకోడూరు దాటేసరికి ఎండ ముదిరింది. బాలుపల్లె అడవిలోకి దిగాక కాస్త చల్లబడింది. తిరుపతి బస్టాండులో మా మేనల్లుడు కారు పెట్టుకుని కాచుకోనున్నాడు. అట్లాంటా నుంచి పెళ్ళాం, మూడేళ్ళ కూతురితో వచ్చాడు. పాపకు పుట్టువెంట్రుకలు తీయించాలి. పాప సొంత మేనమామకు వీసా తిరకాసు వచ్చి రాలేకపోయాడు. అందుకని తాత వరసైన నేనే ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని మా అక్క తీర్మానం.

రాత్రి భోజనాల దగ్గర మాట ఎక్కడ మొదలైందో గుర్తులేదు. రిజర్వేషన్ల మీదనే అయ్యుంటుంది, మా ఇంట్లో అన్ని మాటలూ అక్కడికే పోతాయి.

"మామా, వివక్ష ఎవరికి లేదు చెప్పు? యూదుల్ని ఊరూరా తరిమినారు. ఇప్పుడు చూడు ఎక్కడున్నారో. మన తాతను మాత్రం గడప తొక్కనిచ్చినారా? నేను ఇల్లు కొనలేదా? అక్కడి నల్లోళ్ళు మాత్రం ఇంకా నూటయాభై ఏళ్ళ కిందటి మాటే చెప్తారు."

వాడి మాటలో కోపం లేదు. కష్టపడి పైకొచ్చినవాడి ధీమా ఉంది, అంతే. జవాబు వెంటనే తట్టలేదు. ముప్పై మూడేళ్ళు బ్యాంకులో అప్పులు ఇచ్చి, ఇవ్వక, రిటైరైనవాణ్ణి. ఎవరు పైకొస్తారు, ఎవరు రారు అని కాగితాలు చూసి తేల్చడమే నా ఉద్యోగం. అయినా వీడి ప్రశ్నకు ఏ కాలమ్ నింపాలో తెలియలేదు.

మేము నాయీ బ్రాహ్మణులం. మా తాత పీలేరు దగ్గర పల్లెలో పొది చంకన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాడు. పెళ్ళయితే డోలు, చావయితే కత్తి. మా అవ్వ మంత్రసాని. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డా మొదట ఆమె చేతిలో పడినవాడే, పెద్దయ్యాక ఆమెను వాకిట్లోనే నిలబెట్టినవాడూ వాడే. ఇంత పనికీ కూలి ఏడాదికోసారి కళ్ళంలో కొలిచే మేర. మా నాయన ఆ మేరను వదిలేసి పీలేరులో సెలూన్ పెట్టాడు. కుర్చీ ఒకటి, అద్దం ఒకటి. డబ్బు అప్పటికప్పుడు చేతిలో పడటం మా ఇంట్లో అప్పుడే మొదలు.

రెండో రోజు: తిరుమల

తెల్లారకముందే అలిపిరి దాటాం. పాపకు ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులు. కొండ మీద చలికి అందరం దుప్పట్లు కప్పుకుని కళ్యాణకట్ట లైన్లో నిలబడ్డాం. టోకెనుతో పాటు బ్లేడు చేతిలో పెట్టారు.

హాల్లో నేల తడిగా ఉంది. వరసగా కూర్చున్న క్షురకులు, వాళ్ళ ముందు వంచిన తలలు, ఎక్కడో ఒక గోవింద, దానికి జవాబుగా ఇంకో గోవింద. ఆడవాళ్ళకు ఆడవాళ్ళే గుండు చేసే వరస కూడా ఉంది. మాకు దొరికినాయనకు నలభై ఏళ్ళుంటాయి. పాపను నా ఒళ్ళో సర్దుకోగానే ఆయన నీళ్ళు దోసిట్లో తీసుకుని మాడు మీద మెల్లగా రాశాడు. తల తడపడానికి అంత టైం పెడతాడని నేననుకోలేదు. ఎడంచేతి బొటనవేలు పాప నుదుటి మీద ఆనించి, కత్తి నడినెత్తి నుంచి ముందుకు లాగాడు. పాప ఏడుపు అందుకునే లోపల సగం తల అయిపోయింది. చెవి దగ్గరికొచ్చేసరికి చెవిని రెండు వేళ్ళతో మడిచిపట్టాడు. అచ్చం మా నాయన అట్లాగే మడిచేవాడు. ఎవరు నేర్పారో, ఎన్ని తరాలనుంచో, ఆ మడత మాత్రం మారలేదు.

"ఎంతసేపటికి ఒక తల?" అన్నాను.

"మనిషిని బట్టి సామీ. కదలకుంటే అయిదు నిమిషాలు."

ఇక్కడ శాశ్వత ఉద్యోగులు ఉన్నారు, తలకింత అని లెక్కకట్టి పనిచేసే పీస్ రేటు వాళ్ళూ ఉన్నారు. ఆయన ఏ లెక్కలోవాడో అడగలేదు. మేమూ మీవాళ్ళమేనని చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు. బ్యాంకులో చేరిన రోజు నుంచి పట్టుకున్న అలవాటు అది. ఎవరన్నా అడిగితే "బీసీ" అని ఊరుకోవడం.

నేల మీద పడిన జుట్టు స్వామిది. దాన్ని పొడవును బట్టి వేరుచేసి దేవస్థానం ఈ-వేలం వేస్తుంది. 2024-25 బడ్జెట్‌లో తలనీలాల మీద 150 కోట్ల పైచిలుకు రాబడి అంచనా వేశారు. స్వామికి మొక్కిన జుట్టు స్వామి ఖజానాకే పోతుంది, అందులో తప్పుపట్టేదేమీ లేదు. నా కళ్ళు మాత్రం ఆ కత్తి పట్టిన చేతి మీదనే ఉన్నాయి. ఇంత పెద్ద వ్యాపారం మొదలయ్యేది ఆ చేతి దగ్గర. అక్కడి నుంచి సరుకు దేశాలు దాటిపోతుంది, చెయ్యి మాత్రం ఇక్కడే ఉంటుంది.

అన్నప్రసాదం తిని బయట కూర్చున్నప్పుడు వాడి యూదుల సంగతి నేనే ఎత్తాను. నిష్ఠగా ఉండే యూదుల ఇళ్ళల్లో పెళ్ళయిన ఆడవాళ్ళు జుట్టు కనపడనీయరు, చాలామంది విగ్గు పెట్టుకుంటారు. ఆ విగ్గుల్లో మన తిరుమల జుట్టు ఉందని 2004లో తెలిసింది. ఇజ్రాయెల్‌లో ఎల్యాషివ్ అనే పెద్ద రబ్బీ, అంటే యూదుల మతగురువు, విగ్రహానికి అర్పించిన జుట్టు కాబట్టి పనికిరాదని తీర్పు చెప్పాడు. జెరూసలేంలోనూ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోనూ ఖరీదైన విగ్గులను వీధిలో కుప్పపోసి తగలబెట్టారు.

"అంటే మనం మొక్కుకున్న జుట్టునా?" అంది వాడి భార్య.

"మనదే కావచ్చు, నెల్లూరోళ్ళదీ కావచ్చు."

నవ్వుకున్నాం. తర్వాత నేను చెప్పదలుచుకున్నది చెప్పాను. యూరప్‌లో యూదులకు భూమి కొనే హక్కు చాలాచోట్ల లేదు, చేతివృత్తుల సంఘాల్లోకి రానివ్వలేదు. క్రైస్తవుడు వడ్డీకి ఇవ్వడం పాపమని చర్చి అనేది, కాబట్టి ఆ పని వీళ్ళకు వదిలారు. అవసరం తీరాక వెళ్ళగొట్టారు, 1290లో ఇంగ్లండ్, 1492లో స్పెయిన్. ఘోరమే. అయితే మగపిల్లవాడికి మతగ్రంథం చదవడం నేర్పి తీరాలన్న ఆచారాన్ని ఎవరూ లాక్కోలేకపోయారు. రష్యా పడమటి అంచుల్లో కుక్కేసిన యూదులు కటిక పేదలే. వాళ్ళే ఓడెక్కి న్యూయార్క్‌లో దిగినప్పుడు చేతిలో కుట్టుపని ఉంది, ఆ ఊరికి అప్పుడే రెడీమేడ్ బట్టల పిచ్చి పట్టింది. ఇక బానిసగా తెచ్చినవాడి సంగతి తీసుకో. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల వాడికి అక్షరం నేర్పడమే నేరం. పెళ్ళాం బిడ్డల్ని అమ్మేసేవాళ్ళు. రెండూ వివక్షే అంటే నేనూ ఒప్పుకుంటా. రెండూ ఒకే బరువు అంటే మాత్రం నా తక్కెడ ఒప్పుకోదు.

వాడు పాప గుండుకు గంధం రాస్తూ విన్నాడు, ఏమీ అనలేదు. అన్నట్టు, మా పక్క ఊరు తరిగొండ వెంగమాంబ పేరే ఆ అన్నదాన భవనానికి. చిన్ననాటనే మొగుడు పోతే, జుట్టు తీయించుకోనని పట్టుబట్టిన ఆడమనిషి. ఆమె ముందు కత్తి పట్టుకుని నిలబడాల్సి వచ్చిన మా కులపాయన అవస్థ గురించి ఎవరూ పద్యం రాయలేదు.

మూడో రోజు: తిరుపతి ఊళ్ళో

పాపకు జ్వరం. ఎక్కడికీ పోలేదు. సాయంత్రం గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల కాసేపు తిరిగాం. వాడి భార్య గిల్టు నగల కొట్లో సవరాలు చూస్తూ అట్లాంటా మాట చెప్పింది. వాళ్ళుండే దగ్గర సవరాలు, విగ్గులు అమ్మే కొట్లలో కొనేది నల్లజాతి ఆడవాళ్ళు, గల్లా పెట్టె దగ్గర కూర్చునేది కొరియా వాళ్ళట.

నాకు ఈ కథ కొంత తెలుసు. 1965లో కమ్యూనిస్టు చైనా జుట్టుతో చేసిన విగ్గులు రావడానికి వీల్లేదని అమెరికా నిషేధం పెట్టింది. ఆ సందులో దక్షిణ కొరియా విగ్గుల ఫ్యాక్టరీలు దూసుకొచ్చాయి. ఆ దేశం నుంచి వలస వచ్చినవాళ్ళకు ఊళ్ళో ఉన్న సరఫరాదారు తెలుసు, భాష తెలుసు. పెట్టుబడికి వాళ్ళల్లో వాళ్ళు 'కే' అని ఒకటి వేసుకునేవాళ్ళు. అచ్చంగా మన చీటీపాటే. తెల్లవాళ్ళ పెద్ద కంపెనీల్లో డిగ్రీకి తగ్గ ఉద్యోగం ఇవ్వకపోతే నల్లవాళ్ళ పేటలో కొట్టు తెరిచారు. వాళ్ళకూ వివక్ష ఉంది, కానీ వెనకాల ఒక దేశం, ఒక ఫ్యాక్టరీ, ఒక చీటీ కూడా ఉన్నాయి.

"మన చీటీలు మునుగుతాయి కదా మామా" అన్నాడు మేనల్లుడు. వాళ్ళ నాయన ఒక చీటీలో మునిగిన సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు.

రాత్రి వాడే మళ్ళీ అడిగాడు: "మరి మనోళ్ళు అమెరికాలో అందరికంటే ఎక్కువ సంపాదిస్తున్నారు కదా, దానికేం చెప్తావు?" 1965 వలస చట్టం గురించి చెప్పాను. జాతుల కోటాలు తీసేసి, చదువుకూ నైపుణ్యానికీ తలుపు తెరిచిన చట్టం. అక్కడికి పోయిన మనవాళ్ళు జల్లెడ పట్టి తీసిన గింజలు. జల్లెడ కింద మిగిలినవాళ్ళు ఇక్కడే, ఈ గాంధీ రోడ్డులోనే ఉన్నారు. వాడికి ఫీజు కట్టింది మా నాయన సెలూన్, నా బ్యాంకు జీతం, బీసీ స్కాలర్‌షిప్పు. ఈ మాట అన్నందుకు కాస్త మొహం ముడుచుకున్నాడు. అనకుండా ఉండాల్సిందేమో.

నాలుగో రోజు: శ్రీకాళహస్తి దారి

జ్వరం తగ్గింది. కారులో శ్రీకాళహస్తి బయల్దేరాం. ఏర్పేడు దాటాక కోసిన వరి మడిలో నలుగురు మనుషులు వంగి ఉన్నారు. కారు ఆపించాను. యానాదులు, ఎలుకలు పడుతున్నారు. ఒకాయన కుండ అడుగున చిల్లిపెట్టి, గడ్డి కుక్కి నిప్పు పెట్టాడు. కుండ మూతిని బొరియకు ఆనించి, చిల్లిలోంచి పొగ ఊదుతున్నాడు. మిగతా బొరియలకు ఆడమనిషి, పిల్లలు మట్టి కప్పారు. కళ్ళ నీళ్ళు కారుతున్నా నోరు తీయలేదు. తర్వాత గడ్డపారతో తవ్వితే ఎలుకలతో పాటు బొరియలో దాచిన వడ్లు కూడా బయటపడ్డాయి, దోసెడు దోసెడు. ఆ వడ్లు వాళ్ళవి. రైతు ఎలుకకింత అని ఇస్తాడు.

ఇంత గురిగా నేల చదవగలిగినవాళ్ళు మా బ్యాంకుకు ఎప్పుడూ అప్పుకు రాలేదు. 2014లో జన్‌ధన్ ఖాతాలు తెరిచినప్పుడు ఒక యానాది కాలనీకి పోయాను. సగం మందికి పుట్టిన తేదీ లేదు, ఇంటి నంబరు లేదు, రేషన్ కార్డు కూడా లేదు. మనిషి ఎదురుగా ఉన్నాడు, కాగితంలో లేడు.

కాళహస్తిలో కలంకారీ చేసే ఇంట్లో కాసేపు కూర్చున్నాం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ ఆరేసి ఉంది. బెల్లం, ఇనుప ముక్కలు కలిపి పులియబెట్టిన నలుపు కుండ మూత తీస్తే ఘాటుకు పాప మొహం తిప్పుకుంది. ఎరుపు గురించి అడిగితే ఆ ఇంటి పెద్దాయన, ఒకప్పుడు చిరివేరు వాడేవాళ్ళని చెప్పాడు.

నాకు రాకెట్ల శ్రీహరికోట గుర్తొచ్చింది. 1971లో అక్కణ్ణుంచి మొదటి రాకెట్ ఎగరకముందు అది యానాదుల దీవి. చిరివేరు, తేనె, కుంకుడుకాయ, చింతపండు ఆ అడవి సరుకు. 1835లో మద్రాసు సర్కారు ఆ దీవిని స్వాధీనం చేసుకుంది. వాళ్ళు తవ్వి తెచ్చింది సర్కారుకు అప్పజెప్పాలి, బదులుగా గింజలు. బట్టలకు ఎర్రరంగు అద్దే వేరు ఏ చెట్టు కింద ఉందో తెలిసిన మనిషికి ఆ రంగు వ్యాపారంలో చిల్లిగవ్వ వాటా లేదు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, తరతరాల అలవాటు దొంగతనం అయింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911 తర్వాత మన వైపూ పాకింది. స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ళను కంచెలో పెట్టినట్టు పెట్టింది ఆ చట్టం కిందే. యానాదుల్లో కొందరి మెడకూ అదే తాడు పడింది. నెల్లూరి వెన్నెలకంటి రాఘవయ్య లాంటివాళ్ళు దాని మీద ఏళ్ళ తరబడి పోరాడారు. దేశమంతటా ఆ ముద్ర చెరిగింది 1952 ఆగస్టు 31న. చట్టం పోయినంత తేలిగ్గా పోలీసు స్టేషన్ల జ్ఞాపకం పోలేదు.

మేనల్లుడు తిరుగు దారిలో చాలాసేపు మాట్లాడలేదు. "మామా, వీళ్ళకు మన తాతకున్నంత కూడా లేదు" అన్నాడు చివరికి. అవును. మా తాతకు వాకిలి బయటైనా ఊళ్ళో ఒక చోటుంది. పెళ్ళి ఆగకూడదంటే ఆయన డోలు మోగాలి.

అయిదో రోజు: చిత్తూరు

చిత్తూరులో నా పాత ఖాతాదారు ఒకాయన ఉన్నాడు. పచ్చితోళ్ళు కొని ఉప్పు పట్టించి వేలూరు, ఆంబూరు వైపు పంపే భాయ్. ఆయన గోడౌన్ వాకిట్లో దిగగానే మేనల్లుడి భార్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆయన చూసి నవ్వాడు. "ఆ వాసనే సార్ మా పిల్లల్ని చదివించింది."

టీ తాగుతూ ఆయన చెప్పిన కథ ఇది. పల్లెలో గొడ్డు చస్తే తోలు మాదిగలది. వాళ్ళే తంగేడు చెక్కతో ఊని పదును చేసేవాళ్ళు, బావి నీళ్ళు తోడే కపిల తొండాలు, చెప్పులు, డప్పులు చేసి ఇచ్చేవాళ్ళు. దానికీ మేరే కూలి. దొరల కాలంలో మద్రాసు రేవు నుంచి తోళ్ళకు గిరాకీ లేచింది. తోలు ముట్టుకోవడానికి అగ్రకులాల షావుకార్లు ముందుకు రాలేదు. ఆ ఖాళీలోకి ముస్లిం వ్యాపారులు, ముఖ్యంగా తమిళం వైపు లబ్బీలు దిగారు. వాణియంబాడిలో 1919లోనే వాళ్ళ డబ్బుతో ఇస్లామియా కాలేజీ లేచింది.

"మేము పట్టుకుంటే సరుకన్నారు సార్. అదే తోలు వాళ్ళు పట్టుకుంటే అంటన్నారు. మేము బజార్లో కొట్టు తీసుకోగలిగినాం, రేవులో బేరం చేయగలిగినాం. వాళ్ళను బజార్లోకే రానివ్వలేదే. పని తెలిసింది వాళ్ళకే. మా జేజినాయన దగ్గర తొట్లలో దిగి కూలి చేసిందీ వాళ్ళే."

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు, తనవాళ్ళను తానే తక్కువ చేసుకుంటున్నట్టు. "మాలో అందరూ తోలు షావుకార్లు అనుకునేరు. ఫకీర్లున్నారు, అత్తరు సాయిబులున్నారు, గారడీ వాళ్ళున్నారు. దూదేకులోళ్ళ దూదిపని ఎప్పుడో పోయింది." 2007లో మన రాష్ట్రం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చినప్పుడు ముస్లింలందరికీ అని ఇవ్వలేదు, వెనకబడిన తెగల జాబితా రాసి బీసీ-ఈ అని పెట్టింది. మాదిగల దండోరా 1994లో లేచిందీ ఇలాంటి లెక్క మీదే. అంటరానితనం అందరికీ ఉన్నా, ఎస్సీ కోటా పళ్ళెంలో అందరి చెయ్యీ ఒకేలా అందడం లేదని. 2000 నాటి వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న అదే కోర్టు వర్గీకరణ చేసుకోవచ్చంది. ముప్పై ఏళ్ళు పట్టింది.

గోడౌన్ బయటికొచ్చాక నేను అట్లాంటా కథ చెప్పాను. రెండేళ్ళ కిందట పాపను ఆడించడానికి పోయినప్పుడు, వీడు ఆఫీసుకు పోతే నేనొక్కణ్ణే చూసొచ్చిన ఇల్లు అది. అలాంజో హెర్న్‌డన్, 1858లో బానిసగా పుట్టిన మనిషి, క్షురకుడు. పీచ్‌ట్రీ వీధిలో పాలరాయీ షాండ్లియర్లతో సెలూన్ పెట్టాడు. గిరాకీలంతా తెల్లవాళ్ళు, పనివాళ్ళంతా నల్లవాళ్ళు. 1905లో ఒక చిన్న సహాయ సంఘాన్ని కొని బీమా కంపెనీగా పెంచాడు, కోటీశ్వరుడయ్యాడు. 1906 అల్లర్లలో ఆయన కొట్టు అద్దాలు పగిలాయి. 1926లో అట్లాంటా నగర కౌన్సిల్ నల్లజాతి క్షురకులు తెల్ల ఆడవాళ్ళకూ పిల్లలకూ జుట్టు కత్తిరించకూడదని శాసనం చేసింది. కోర్టులో అది నిలవలేదు, కానీ అది పుట్టిందే ఆ కత్తి సంపాదన చూసి ఓర్వలేక. ఆ ఇంట్లో గోడల మీది బొమ్మలు చూస్తూ నేను మా నాయన ఒంటికుర్చీ కొట్టునే తలుచుకున్నాను.

"ఆ ఇల్లు మా ఆఫీసుకు ఇరవై నిమిషాలే, నేనెప్పుడూ పోలేదు" అన్నాడు వాడు. "అయితే ఆయన ఎదిగినాడు కదా మామా?"

"ఎదిగినాడు. ఆయన ఒక్కడు."

ఇక్కడ నాకు ఒక పాత ముల్లు ఉంది, రాయకపోతే ఈ యాత్ర అబద్ధమవుతుంది. నేను ఒక బ్రాంచిలో ఫీల్డాఫీసరుగా ఉన్నప్పుడు మావాడే ఒక కుర్రాడు రెండు కుర్చీలు, అద్దాలకు అప్పు కోసం వచ్చాడు. జామీనుకు భూమి లేదు, హామీదారు లేడు. పని తెలుసు, అది ఏ ఫారంలో రాయాలి? ఇస్తే సొంత కులపోడికి ఇచ్చాననుకుంటారని భయపడి, తిప్పి పంపాను. అదే వారం చక్రవడ్డీ లెక్కలు తాతల నాటి నుంచి ఒంటబట్టిన కొట్టు పిల్లవాడికి సంతకం పెట్టాను. వాడి కాగితాలు బాగున్నాయి.

సాయంత్రం రైలుకు టైముంది. వాడు గడ్డం గీయించుకుంటానన్నాడు. కట్టమంచి వైపు సందులో చిన్న సెలూన్, రెండు కుర్చీలు. కొట్టాయన వాడికి నురగ పూస్తూ అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. నేను పక్కనున్న కత్తెరను తీసి, బొటనవేలితో పదును చూసి పెట్టినందుకనుకుంటా.

"ఏ వూరు సార్ మీది?"

"పీలేరు పక్క."

"ఎవురు మీరు?"

మేనల్లుడు నురగ మొహంతోనే నా వైపు తిరిగాడు.

"నాయీ బ్రాహ్మణులం" అన్నాను. "మా నాయనది పీలేరు బస్టాండు దగ్గర సెలూన్."

ఆయన చెయ్యి ఆగింది. టీ తెప్పించాడు. ఎవరెవరు బంధువులో తవ్వి తీశాడు, మా అవ్వ పుట్టిల్లు దాకా పోయాడు. పని అయ్యాక మేనల్లుడు ఫోను తీస్తే గోడ మీది క్యూఆర్ అట్టకు తన చెయ్యి అడ్డం పెట్టాడు. "మనలో మనం తీసుకోము నాయినా, అది పద్ధతి కాదు."

"మీ కొట్టుది మీరు తీసుకోవాల్సిందే అన్నా" అన్నాడు వీడు, ఆయన వేళ్ళ సందులోంచి ఫోను పెట్టి స్కాన్ చేస్తూ. షెల్ఫు మీది డబ్బా గట్టిగా అరిచింది: ఫోన్‌పేలో రెండు వందల రూపాయలు అందినవి.